స్లింకీ మూడో మెట్టు మీదే ఎందుకు ఆగిపోతుంది? పాత క్రిస్మస్ బొమ్మలు నాలుగు, కొనేముందు చూసుకోవలసినవి

డిసెంబరు వచ్చేసరికి అమెరికాలో బొమ్మల దుకాణాలు పాత సరుకు కోసం ఒక అర ఖాళీ చేస్తాయి. మరలు తిప్పి గీతలు గీసే ఎర్ర చట్రం ఎచ్-ఎ-స్కెచ్, చిన్న అట్టపెట్టెలో మెట్లు దిగే ఇనప స్ప్రింగు స్లింకీ, కళ్ళకు ఆనించుకుని బొమ్మలు చూసే వ్యూ-మాస్టర్, దుకాణం పెద్దదైతే కరెంటుతో నడిచే లయనల్ రైలు. ఆ అర దగ్గర ఆగేది ఎక్కువగా పెద్దవాళ్ళే. చిన్నప్పుడు క్రిస్మస్ పొద్దున చెట్టు కింద అవే పెట్టెలు విప్పినవాళ్ళు. ముచ్చటపడి కొని మనవడి చేతిలో పెడతారు. పది నిమిషాల్లో వాడు దాన్ని పక్కన పడేసి ఫోను అందుకుంటాడు. ఈ కాలం పిల్లలకి ఓపిక లేదని ఇంట్లో తీర్పు.

నున్నటి గ్రానైట్ మెట్ల మీద స్లింకీ దిగదు, ఎంత ఓపికమంతుడు వదిలినా దిగదు. అడుగున ఏమీ పరవకుండా బొచ్చు తివాచీ మీద పట్టాలు వేస్తే రైలు రెండో రోజుకే మొరాయిస్తుంది. చిన్ననాటి సంగతుల్లో బాగా సాగిన ఆటే గుర్తుంటుంది. చిక్కుపడ్డ స్ప్రింగూ, పట్టా తప్పిన పెట్టెలూ గుర్తుండవు. నాలుగు బొమ్మల్లోనూ లోపలి పనితనం దాదాపు మారలేదు. ఏది ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది అన్నది తెలిసి కొంటే డబ్బు దండగ కాదు.

స్లింకీ

1943లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ జేమ్స్ అనే ఇంజనీరు, ఓడల మీద సున్నితమైన పరికరాలు అదురుకు చెడకుండా పట్టి ఉంచే స్ప్రింగుల మీద పని చేస్తుండగా ఒకటి కింద పడింది. పడ్డది ఊరికే పడకుండా అడుగులు వేసినట్టు నడిచింది. దానికి పేరు వెతికి పెట్టింది ఆయన భార్య బెట్టీ జేమ్స్. 1945 నవంబరులో, క్రిస్మస్ కొనుగోళ్ళ వేళ, గింబెల్స్ దుకాణంలో ఏటవాలు బల్ల మీద నడిపించి చూపిస్తే తెచ్చిన 400 స్లింకీలూ గంటన్నరలో అమ్ముడైపోయాయి. ఒక్కోటి ఒక డాలరు. 80 అడుగుల తీగ, 98 చుట్లు, అన్నీ ఒకదానిమీద ఒకటి కూర్చుంటే రెండున్నర అంగుళాల ఎత్తు.

ఇందులో గమనించాల్సింది ఏటవాలు బల్ల. మొట్టమొదటి ప్రదర్శన కూడా మెట్ల మీద జరగలేదు. స్లింకీ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకేటప్పుడు పై చుట్లు విల్లులా వంగి కింద వాలతాయి, మిగతా చుట్లు వాటి వెంట వచ్చి కూర్చుంటాయి, చివరి చుట్టు ఆ ఊపులోనే తలమీదుగా తర్వాతి మెట్టుకు వెళ్తుంది. ఇది ఆగకుండా సాగాలంటే స్లింకీ వేసే అంగ, మెట్టు వెడల్పు ఒకదానికొకటి సరిపోవాలి. అమెరికాలో ఇళ్ళ మెట్లకు నిబంధన ప్రకారం కాలు పెట్టే వెడల్పు కనీసం 10 అంగుళాలు ఉండాలి. మన ఇళ్ళలోనూ పది, పన్నెండుకు తగ్గవు. మూడంగుళాల చుట్టు ఉన్న స్ప్రింగుకు అది పెద్ద మైదానం. మొదటి మెట్టు అంచున పెట్టి వదిలితే రెండో మెట్టు మధ్యలో వాలుతుంది, మూడోదాని మీద ఇంకా వెనక్కి వాలుతుంది, అక్కడ చివరి చుట్టు అంచు దాటలేక అదే మెట్టు మీద పడి నిలబడిపోతుంది. మూడో మెట్టు రహస్యం అంతే.

కనక ఇంటి మెట్లను వదిలేయండి. లావు పుస్తకాలతో మెట్లు పేర్చండి: ఒక్కో మెట్టు ఎత్తు నాలుగైదు అంగుళాలు, వెడల్పు ఐదారు అంగుళాలతో మొదలుపెట్టి, వెనక్కి పడుతుంటే వెడల్పు తగ్గిస్తూ, అంచు దాటి జారుతుంటే పెంచుతూ సరిచూసుకోవాలి. ఇంతకన్నా సులువైనది నాలుగడుగుల చెక్క. ఒక కొస అడుగు, అడుగుంబావు ఎత్తు లేపి, పైన పలచటి జంపఖానా ముడతల్లేకుండా లాగి పిన్నులు గుచ్చితే చాలు. వార్నిష్ వేసిన చెక్క మీద, టైల్స్ మీద అడుగు చుట్టు వెనక్కి జారిపోయి ఊపు పోతుంది. మెత్తటి తివాచీ ఇంకో రకంగా చెడగొడుతుంది, దెబ్బ తగిలిన చోట ఊపునంతా తనే మింగేస్తుంది.

వదిలే తీరు కూడా చెప్పాలి. చాలామంది తోస్తారు. తోయకూడదు. పై చుట్లు పదీ పన్నెండు చేత్తో పట్టుకుని, విల్లులా వంచి, కింది మెట్టు మీద ఆనించి, వేళ్ళు విప్పేయాలి.

చిక్కుపడితే లాగొద్దు. ఉక్కు తీగ ఒక హద్దు దాకా సాగి వెనక్కి వస్తుంది, ఆ హద్దు దాటితే అక్కడే వంకర ఉండిపోతుంది. వంకర పడ్డ చుట్టు కూర్చున్నప్పుడు పక్క చుట్టుకు ఆనదు, ఇక ఆ స్ప్రింగు నడక కుంటిదే. కొసను వెతికి పట్టుకుని, అది ఏ చుట్టులోంచి దూరిందో చూసి, ఒక్కొక్క చుట్టే వెనక్కి తిప్పుతూ విడదీయాలి. ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుని గదికి అటూ ఇటూ లాగే ఆట ఇనప స్లింకీకి చివరి ఆట అవుతుంది. ఆ ఆటే కావాలనుకుంటే మన తిరనాళ్ళలో, ఎగ్జిబిషన్లలో దొరికే ఇంద్రధనుస్సు రంగుల ప్లాస్టిక్ స్ప్రింగు చాలు. అది తేలిక, అంత సులువుగా వంకర పోదు, చేతుల మధ్య అటూ ఇటూ ఊపడానికి బావుంటుంది. నడకలో మాత్రం ఇనప దాని బరువు దీనికి లేదు, ఆ చిటచిట చప్పుడూ లేదు. నడిపించడానికే అయితే ఇనపదే కొనాలి.

సముద్రం దగ్గరి ఊళ్ళకు, విశాఖకో కాకినాడకో, పట్టుకెళ్తే తుప్పు భయం ఉంది. పొడిగుడ్డ మీద కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి చుట్ల అంచులు తుడిచి పెట్టెలో దాస్తే సరి. నూనె ఎక్కువైతే చుట్లు ఒకదానికొకటి అంటుకుని నడక బరువెక్కుతుంది.

కొద్ది డాలర్ల వస్తువే గాని, తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇంట్లో దీనికి ఇంకో పని ఉంది. పై కొస పట్టుకుని పూర్తిగా వేలాడదీసి, ఊగులాట ఆగాక వదలండి. పై చుట్లు కిందికి దూసుకొస్తాయి గాని, అవి వచ్చి తాకేదాకా కింది కొస గాల్లో అలాగే నిలబడి ఉంటుంది. కంటికి సరిగా అందదు. ఫోనులో స్లో మోషన్ పెట్టి తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది. పైన పట్టు వదిలిన కబురు స్ప్రింగు గుండా అలలా ప్రయాణించి కిందికి చేరాలి. అది చేరేదాకా కింది చుట్లను పైకి లాగే బలం ఏమీ మారదు.

ఎచ్-ఎ-స్కెచ్

నాలుగింటిలో ఇదే గొప్పది.

ఫ్రాన్సులో ఆంద్రే కసాన్య్ అనే ఎలక్ట్రీషియన్ 1950ల చివర్లో దీన్ని కనిపెట్టాడు. ఒహాయో రాష్ట్రంలోని బ్రయన్ ఊళ్ళో ఉన్న ఒహాయో ఆర్ట్ కంపెనీ హక్కులు కొని 1960 జులైలో తయారీ మొదలుపెట్టింది. ధర 2 డాలర్ల 99 సెంట్లు. ఆ ఏడు క్రిస్మస్ గిరాకీ తట్టుకోలేక, పండగ ముందు రోజు మధ్యాహ్నం దాకా ఫ్యాక్టరీ నడిపారు. 2000 తర్వాత తయారీ చైనాకు వెళ్ళింది, 2016లో బొమ్మ టొరంటోకు చెందిన స్పిన్ మాస్టర్ చేతికి వచ్చింది. ఎర్ర చట్రం, రెండు తెల్ల మరలు, వెండి తెర మాత్రం అలాగే ఉన్నాయి.

లోపల బ్యాటరీ లేదు, అయస్కాంతమూ లేదు. మెత్తటి అల్యూమినియం పొడి, దానిలో సన్నటి ప్లాస్టిక్ పూసలు. తలకిందులు చేసి ఊపితే పొడి తెర లోపలివైపు పలచగా అంటుకుంటుంది. పూసల పని పొడిని గడ్డకట్టనీయకుండా సమంగా జారేలా చెయ్యడం. తెర వెనక అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు కడ్డీలు, అవి కలిసే చోట ఒక మొన. మన మాటలో గంటం అనుకోండి. ఎడమ మర తిప్పితే సన్నటి దారాలు, కప్పీల మీదుగా అది అడ్డంగా కదులుతుంది, కుడి మర తిప్పితే నిలువుగా. గంటం పొడిని గీకేసిన చోట లోపలి చీకటి బయటికి కనిపిస్తుంది. మనం నల్ల గీత అనుకునేది అదే. తెర మొత్తం ఓపిగ్గా గీకేస్తే లోపలి కడ్డీలు కూడా కనిపిస్తాయి. పిల్లలకు బొమ్మ ఎలా పని చేస్తుందో చూపించడానికి దాన్ని విప్పనక్కర్లేదు, ఇది చాలు.

గంటాన్ని పైకి ఎత్తే దారి లేదు కనక ఎంత పెద్ద బొమ్మయినా ఒకే గీత. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలై వాకిళ్ళలో ముగ్గులు పెద్దవయ్యే రోజుల్లోనే ఈ బొమ్మ కూడా అమెరికాలో పెట్టెల్లోంచి బయటికి వస్తుంది. చెయ్యెత్తకుండా మెలికల ముగ్గు వేయడం వచ్చినవాళ్ళకు దీని కిటుకు సగం తెలిసినట్టే: గీత ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలో ముందే లెక్క చూసుకోవాలి. చుక్కల ముగ్గు మాత్రం దీనిమీద కుదరదు, చుక్క నుంచి చుక్కకు పోవాలన్నా మధ్యలో గీత పడి తీరుతుంది.

పిల్లలు వదిలేసేది ఎక్కువగా మొదటి పావుగంటలోనే. కారణం, పెట్టె విప్పగానే ఇల్లో మనిషో గీయబోతారు. కింద చెప్పిన వరసలో పోతే బాగా నిలుస్తారు.

ముందు గంటాన్ని కింద ఎడమ మూలకు తీసుకెళ్ళాలి. ఆ తర్వాత ఊపాలి. ముందే ఊపి తర్వాత మూలకు తీసుకెళ్తే దారంతా గీత పడుతుంది. ఊపేటప్పుడు తెర నేలవైపు ఉండాలి. ఎనిమిది, పది సార్లు అడ్డంగా ఊపి, వీపు మీద అరచేత్తో రెండు సార్లు తట్టి తిప్పితే తెర సమంగా వెండిరంగులో ఉంటుంది. మూలల్లో మరకలు మిగిలితే ఆ మూలను కిందికి వాల్చి మళ్ళీ ఊపాలి. మొదట ఒక్కో మరతో చతురస్రం. తర్వాత మెట్లు: కొంచెం అడ్డం, కొంచెం నిలువు. మెట్లను చిన్నవి చేస్తూ పోతే ఒక చోట అవి మెట్లలా కాక ఏటవాలు గీతలా కనబడతాయి. అప్పుడు రెండు మరలూ ఒకే వేగంతో కలిపి తిప్పడం అలవాటు చెయ్యాలి. వృత్తం చివరిది. దాన్ని నాలుగు ముక్కలుగా అనుకోవాలి. పైభాగాన ఎడమ మర వేగంగా, కుడి మర కదిలీ కదలనట్టు. పక్కకు దిగుతున్నకొద్దీ ఎడమది నెమ్మదించి కుడిది వేగం పుంజుకోవాలి. సరిగ్గా పక్కకు వచ్చేసరికి ఎడమది ఆగి కుడిది ఒక్కటే తిరగాలి. సైను, కొసైను చదివిన పిల్లవాడికి అవి ఏమిటో చేతివేళ్ళకు తెలిసే చోటు ఇది.

ఒక చిక్కు ఉంది, అది పెట్టె మీద రాయరు. మర తిప్పే దిశ మార్చినప్పుడు దారంలో ఉన్న వదులు వల్ల మర కొంచెం తిరిగినా గంటం కదలదు. ఆ వదులు ఎంతో ఒక్కో బొమ్మకు ఒక్కోలా ఉంటుంది, ఒకే బొమ్మలో రెండు మరలకూ కూడా తేడా ఉంటుంది. చతురస్రం గీస్తే చివరి మూల కలవకపోవడానికి కారణం ఇదే, చెయ్యి తప్పు కాదు. కొన్న రోజునే ఒక గీత గీసి, వెనక్కి తిప్పుతూ గంటం కదలడానికి ఎంత తిప్పాలో చూసుకోండి. దిశ మార్చిన ప్రతిసారీ ముందు అంత తిప్పేసి, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టాలి. దుకాణంలో చూసే వీలుంటే వదులు ఎక్కువున్నది వదిలి ఇంకోటి తీసుకోవచ్చు.

రాత విషయంలో ఇది మన లిపికి పెట్టిన పరీక్ష. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు చాలావరకు నిలువూ అడ్డమూ, ఆరేళ్ళ పిల్ల కూడా పేరు రాసేస్తుంది. తాటాకు చిరగకుండా గుండ్రంగా తిరిగాయని చెప్పుకునే మన అక్షరాలు ఇక్కడ చుక్కలు చూపిస్తాయి. "అ" ఒక్కటి పొందిగ్గా వచ్చిందంటే రెండు చేతులూ పొత్తు కుదిరినట్టే. ఒక ఉపాయం: తలకట్టును చివరికి వాయిదా వేయకుండా అక్షరంలోకి దిగే దారిలోనే గీసుకుపోవాలి. గీసిన గీత మీదుగా వెనక్కి రావడంలో తప్పు లేదు, రెండోసారి పోయిన జాడ కనబడదు.

ఏది చెడుతుంది? ఒక వైపు కదలిక ఆగిపోతే లోపల దారం కప్పీ నుంచి జారిందని అర్థం. తెర అంచుకు చేరాక కూడా మరను బలవంతంగా తిప్పితే ఇలా అవుతుంది. చట్రం అంటించేసి ఉంటుంది కనక ఇంట్లో విప్పి బాగు చేయడం పొడి అంతా ఒలకబోసుకోవడమే. అంచు తగలగానే ఆపడం మొదటిరోజే నేర్పండి. తెర పగిలితే వెండిపొడి బట్టలకూ చేతులకూ పట్టుకుంటుంది. ఊదకుండా, చీపురు పెట్టకుండా తడిగుడ్డతో తుడిచి, బొమ్మను సంచిలో కట్టి పారేయాలి. ఊరికి తెచ్చేవాళ్ళు సూట్‌కేసులో అంచున కాకుండా బట్టల నడుమ, తెర మీద చీరో దుప్పటో మడిచి పెట్టండి.

పాత ఒహాయో తయారీవి వాడినవి దొరుకుతుంటాయి. వాటి తెర గాజు, బరువు ఎక్కువ, మరల తిరుగుడు కొంచెం బిగువుగా హాయిగా ఉంటుంది. పడితే పగులుతుంది కనక చిన్నపిల్లల చేతికి కొత్తదే మేలు. వాడినది కొనేటప్పుడు ఊపిన వెంటనే తీసిన ఫోటో అడగండి. ఒకే చోట ఎప్పుడూ పోని గీత కనిపిస్తే తెర లోపల గీరుకుపోయినట్టు. జేబు సైజువి, వేలెడంత సైజువి కూడా అమ్ముతారు. మర చిన్నదైతే వేలి పొరపాటు పెద్దగా కనిపిస్తుంది. అవి తాళంచెవికి వేలాడదీసుకోవడానికే.

వేసిన బొమ్మ దాచుకోవాలంటే వెనక రంధ్రం చేసి పొడి తీసేయాలి. కళాకారులు చేసే పని అదే. ఆ తర్వాత అది పటం, బొమ్మ కాదు. రెండోది కొనే ఉద్దేశం ఉంటేనే ఆ పని పెట్టుకోండి.

వ్యూ-మాస్టర్

దీని గురించి చెప్పాల్సింది తక్కువ. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వచ్చింది. అట్ట చక్రం మీద 14 చిన్న ఫిల్ము ముక్కలు, అంటే ఎడమ కంటికి ఏడు, కుడి కంటికి ఏడు. రెండూ కొంచెం వేరే కోణంలో తీసినవి, అందుకే లోతు కనిపిస్తుంది. మన ఇళ్ళలోనూ 1980లు, 90లలో చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. దీని గొప్పతనమంతా చక్రం కొలత మారకపోవడంలో ఉంది. తాతగారి చక్రాలు మామూలు కొత్త వ్యూయర్‌లోనూ తిరుగుతాయి. ఫోను దూర్చే రకం వేరు, దానికి పాత చక్రాలు పనికిరావు.

చూసే యంత్రం ఏదైనా పరవాలేదు, డబ్బు పెట్టాల్సింది చక్రాల మీద. అందులో ఒక మోసం ఉంది. 1950లు, 60ల నాటి చక్రాలు చాలావరకు కోడాక్రోమ్ ఫిల్ముతో చేసినవి, చీకట్లో దాస్తే రంగు ఇప్పటికీ నిలిచి ఉంటుంది. 1970లలో జీఏఎఫ్ కంపెనీ చేతిలో ఉన్నప్పటి చక్రాలు చాలా ఎర్రబారిపోయాయి, ఆకాశం నుంచి గడ్డి దాకా అంతా గులాబీ రంగే. అది బాగుచేసే దారి లేదు. అంటే ఎక్కువ పాతదే మంచిదిగా తేలే అరుదైన సందర్భం ఇది. అమ్మేవాళ్ళను తెల్ల కాగితం ముందు పెట్టి వెలుతురుకు ఎదురుగా తీసిన ఫోటో అడగండి. తెల్లటి చొక్కానో మబ్బో తెల్లగా కనిపిస్తే కొనొచ్చు. అట్ట అంచు వంగిన చక్రం మధ్యలో ఇరుక్కుంటుంది. బలంగా మీట నొక్కితే మీట స్ప్రింగు పోతుంది, చక్రం తీసి అంచు సాపు చేసి మళ్ళీ పెట్టాలి. కిటికీ వైపో తెల్ల గోడ వైపో పెట్టి చూడాలి, సూర్యుడి వైపు ఎప్పుడూ వద్దు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పి ఇవ్వండి.

లయనల్ రైలు

జాషువా లయనల్ కోవెన్ 1900లో న్యూయార్క్‌లో ఈ కంపెనీ పెట్టాడు. మొదటి బండి దుకాణాల అద్దాల వెనక సరుకు చూపించడానికి తిరిగే అలంకారం. జనం సరుకు వదిలేసి బండి అమ్ముతారా అని అడగడం మొదలెట్టారు. క్రిస్మస్ చెట్టు చుట్టూ తిరిగే రైలు అమెరికా ఇళ్ళలో ఆచారంలా స్థిరపడడంలో ఈ కంపెనీ పాత్ర పెద్దది.

ఖర్చు వందల డాలర్లలో ఉంటుంది కనక ముందు అట్టపెట్టె మీద "ఓ గేజ్" అని ఉందో లేదో చూడండి. అదే పేరుతో ప్లాస్టిక్ పట్టాలు, బ్యాటరీలతో నడిచే చవక రైలు కూడా అమ్ముతారు. చెడ్డది కాదు, నాలుగేళ్ళవాడికి అదే సరి. కాని ఆ రెంటి పట్టాలూ కలవవు, దానికి తర్వాత ఓ గేజ్ రైలుపెట్టెలు జతచేసుకోలేరు. తొందరలో ఒకటనుకుని ఇంకోటి కొనేవాళ్ళు తక్కువేం కాదు.

ఓ గేజ్ అంటే బయటి పట్టాల మధ్య అంగుళంబావు. నడుమ మూడో పట్టా ఉంటుంది. కరెంటు దాంట్లో వస్తుంది, బయటి రెండింట్లో తిరిగి పోతుంది. నిజం రైలుకు లేని ఆ మూడో పట్టా చూసి మొహం చిట్లించేవాళ్ళుంటారు గాని, పట్టాను ఎటు మెలితిప్పి వెనక్కి కలిపినా షార్ట్ కాదు, వైరింగ్ ఏమీ తెలియని ఇంట్లో అదే గొప్ప సుఖం. ఇప్పటి సెట్లలో సాధారణంగా ఎనిమిది వంపు ముక్కలు, నాలుగు నిటారు ముక్కలు వస్తాయి. కలిపితే సుమారు 40 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు కోడిగుడ్డు ఆకారం. చెట్టు నిలబెట్టే స్టాండు కాళ్ళు 30 అంగుళాలకు మించి పరుచుకుంటే లోపల పట్టదు. ముందు టేపు పెట్టి కొలవండి. ఇంజను ఎత్తు ఐదంగుళాల దాకా ఉంటుంది, కింది కొమ్మలకు నేలకు మధ్య కనీసం ఏడు అంగుళాలు వదలాలి.

వరస కూడా ముఖ్యం. మొదట నేల మీద దళసరి అట్టో పలచటి ప్లైవుడ్డో, తర్వాత పట్టాలు కలిపి ఖాళీ ఇంజను ఒక్కదాన్ని నడిపి చూడడం, ఆ తర్వాత చెట్టు, చివరికి అలంకారం. చెట్టు నిలబెట్టి తోరణాలన్నీ కట్టాక కొమ్మల కింద దూరి పట్టాలు కలిపేవాళ్ళు ఏదో ఒక అతుకు సరిగా బిగించరు. బండి ఒకే చోట నెమ్మదిస్తుంటే ఆ అతుకే కారణం. రెండు ముక్కలూ విడదీసి మళ్ళీ చప్పుడయ్యేదాకా నొక్కాలి. ప్రతి చుట్టులో ఒకే చోట పట్టా తప్పుతుంటే అక్కడ నేల ఎత్తుపల్లం ఉందేమో చూడండి. తివాచీ మీద నేరుగా వేస్తే పోగులు ఇరుసులకు చుట్టుకుని మోటారు వేడెక్కుతుంది.

చెట్టు కింద ప్రత్యేకంగా వచ్చే జబ్బు లోహపు తళుకు తోరణం. ఒక పోగు రాలి నడిమి పట్టాకూ బయటి పట్టాకూ అడ్డంగా పడిందా, షార్ట్ అయి బండి ఆగిపోతుంది. ఆగగానే ప్లగ్ తీసి ముందు దానికోసం వెతకండి. నిజం చెట్టయితే బంక, ఆకులు పట్టాల మీద పడి నల్లటి పొర కడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలుగుడ్డతో తుడవాలి, స్టీలు పీచు వాడకూడదు. దాని సన్నటి ముక్కలు మోటారు అయస్కాంతానికి అంటుకుని లోపలికి పోతాయి. ఇంజను చక్రాల్లో కొన్నిటికి రబ్బరు పట్టీ ఉంటుంది, పట్టు జారకుండా. ఇరుసుకు నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే ఆ పట్టీ మీదికి పాకి బండి ఉన్నచోటే చక్రాలు తిరుగుతాయి. పొగ వచ్చే ఇంజనయితే నూనె పోయకుండా పొగ స్విచ్చి వేయొద్దు, లోపలి వత్తి మాడిపోతుంది. ఎన్ని చుక్కలన్నది దానితో వచ్చే పుస్తకంలో ఉంటుంది, అంతకు మించి పోస్తే పొగ పెరగదు, తడిసి ముద్దవుతుంది.

హైదరాబాదుకో విజయవాడకో తెచ్చేవాళ్ళు కరెంటు సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. అమెరికాలో 120 వోల్టులు, మన దగ్గర 230. గోడకు గుచ్చే పవర్ పెట్టె మీద సన్న అక్షరాల్లో "100–240" అని ఉంటే ప్లగ్ మార్చే చిన్న అడాప్టరు చాలు. "120" ఒక్కటే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు, అది లేకుండా గుచ్చితే కాలిపోతుంది. తాతల కాలం నాటి బరువైన లయనల్ ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి వేరు. అవి 60 హెర్ట్జ్‌కు చేసినవి. స్టెప్‌డౌన్ పెట్టి వోల్టేజి తగ్గించినా మన 50 హెర్ట్జ్ అలాగే ఉంటుంది, దానిమీద అవి ఇంకా వేడెక్కుతాయి. పైగా వాటి తీగ తొడుగు పెళుసెక్కి రాలుతుంటుంది. అందానికి అద్దాల బీరువాలో పెట్టుకోండి, గోడకు మాత్రం గుచ్చకండి.

జనవరిలో విప్పేటప్పుడు పట్టాలు తుడిచి పొడిగా ఉన్నప్పుడే సర్దాలి, రిమోటులో బ్యాటరీలు తీసేయాలి. లేకపోతే పైడిసెంబరుకు అవి కారి లోపలి రేకులు పచ్చబడి ఉంటాయి. ఇంజను, పెట్టెలు వచ్చిన అట్టపెట్టెలు పారేయకండి. సైజుకు తగ్గట్టు కోసిన ఆ లోపలి మూసలు వేరే దొరకవు, పాత లయనల్ సేకరించేవాళ్ళయితే లోపల రైలు లేకపోయినా ఖాళీ పెట్టెకే వెల కడతారు.